చేతిలో పాతిక కిలోలు, తాడులో టన్ను

చేతి వించ్ అంటే ఒక్క మనిషి పిడి ఆడిస్తూ వందల కిలోల బరువును అంగుళం అంగుళంగా తనవైపు లాక్కునే పనిముట్టు. ఒక డ్రమ్ము, దానికి చుట్టుకునే ఇనుప తాడు, పళ్ల చక్రం, ఆ పళ్లలో పడి చక్రాన్ని వెనక్కి తిరగనివ్వని చిన్న ఇనుప నాలుక, పొడవాటి పిడి, రెండు కొసలకూ కొక్కేలు. దాని నిర్మాణమంతా ఇంతే. లారీ షెడ్లలో ఇంజన్లు ఎత్తడానికి వాడే చైన్ పుల్లీకి ఇది దగ్గరి చుట్టం. అయితే చైన్ పుల్లీ బరువును నిలువునా ఎత్తడానికి చేసింది, వించ్ నేల వెంబడి లాగడానికి చేసింది. గాలివానకు విరిగి చెట్టులోనే చిక్కుకున్న కొమ్మ కిందికి ఎవరూ వెళ్లకుండా, దూరాన నిలబడి దాన్ని దించగలగడం ఈ పనిముట్టు చేసే పెద్ద మేలు.

పల్నాడు జిల్లా బెల్లంకొండలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ చెట్లకు ఏటా రెండు గండాలు. మొదటిది ఏప్రిల్, మే నెలలది. రాష్ట్రంలో ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. పగలంతా కాగిన నేల మీద సాయంత్రానికి మబ్బు పట్టి ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో వీచింది. గాలి వేగం రెట్టింపయితే అది కొమ్మ మీద మోపే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 50 కిలోమీటర్ల గాలికి ఊగి ఊరుకున్న కొమ్మ 100 కిలోమీటర్ల గాలికి విరిగేది అందుకే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం చెట్లను కూల్చేసినప్పుడు జరిగిందీ ఇదే.

వేపచెట్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ చేసిన నష్టమది. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. కానీ అలా ఎండిన కొమ్మ పచ్చటి ఆకుల మధ్య కనబడకుండా ఉండిపోతే, గాలి వచ్చినప్పుడు వంగదు, పుటుక్కున విరుగుతుంది.

వించ్‌కు బలం ఎక్కడి నుంచి వస్తుందో ఏతం తొక్కినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఏతంలో పొడవాటి దూలం చేసిన పనిని ఇక్కడ పిడి, డ్రమ్ము చేస్తాయి. పిడి పొడవు 60 సెంటీమీటర్లు, డ్రమ్ము వ్యాసార్ధం 3 సెంటీమీటర్లు అనుకుంటే బలం ఇరవై రెట్లు పెరుగుతుంది. పిడి మీద 25 కిలోల ఒత్తిడి పెడితే తాడులో 500 కిలోల లాగుడు పుడుతుంది. ఇందులో కొంత ఘర్షణకు పోతుంది. తాడును కొమ్మకు కట్టిన కప్పీ గుండా తిప్పి మళ్లీ వెనక్కి తెచ్చి కడితే కొమ్మ మీద బలం ఇంకో రెట్టింపై, టన్ను దగ్గరికి చేరుతుంది. అప్పుడు కూడా చేతికి తెలిసేది పాతిక కిలోలే, అర బస్తా సిమెంటు బరువు.

ఈ పనిముట్టుతో వచ్చే ప్రమాదాలన్నింటికీ మూలం ఇక్కడే ఉంది. బరువు మోసే మనిషికి భుజం, నడుము హెచ్చరిక ఇస్తాయి. వించ్ తిప్పే మనిషికి అలాంటి హెచ్చరిక అందదు. చేయి చెప్పని బలాన్ని లెక్క కట్టి తెలుసుకోవాలి. తాడు బిగిసిన క్షణం నుంచి అక్కడున్న ప్రతి ఒక్కరి మనసులోనూ చేతి బరువు కాదు, తాడు బరువు మెదలాలి.

డ్రమ్ముకు సంబంధించి ఇంకో లెక్క ఉంది. తాడు ఒకదాని మీద ఒకటి వరసలుగా చుట్టుకునేకొద్దీ డ్రమ్ము లావెక్కినట్టే. 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం 5కు పెరిగితే ఇరవై రెట్ల బలం పన్నెండు రెట్లకు పడిపోతుంది. అందుకే తాడు బాగా బయటికి వదిలి, డ్రమ్ము మీద తక్కువ వరసలు ఉన్నప్పుడే వించ్ గట్టిగా లాగుతుంది. అలాగని మొత్తం విప్పేయకూడదు. తాడు కొసను డ్రమ్ముకు పట్టి ఉంచే చిన్న బిగింపు బరువు మోయడానికి చేసింది కాదు. బరువును ఆపేది డ్రమ్ము చుట్టూ ఉన్న చుట్ల ఒరిపిడి. కనీసం నాలుగైదు చుట్లు ఎప్పుడూ డ్రమ్ము మీదే ఉండాలి. టిర్ఫోర్ అని పిలిచే రకంలో డ్రమ్మే ఉండదు. లోపల రెండు జతల దవడలు వంతులవారీగా తాడును పట్టుకుని జరుపుతాయి, మనిషి రెండు చేతులతో బావి తాడు లాగినట్టే. దాని బలం తాడు పొడవును బట్టి మారదు. చెట్ల పనికి ఇదే మేలైన రకం.

ఇక కొమ్మ బరువు. కింద నిలబడి చూసేవారు దీన్ని చాలావరకు తక్కువ అంచనా వేస్తారు. పచ్చి కొయ్య ఘనమీటరు 800 నుంచి 1,000 కిలోల దాకా తూగుతుంది, అంటే ఇంచుమించు నీటి బరువే. ఆ లెక్కన 20 సెంటీమీటర్ల మందం కొమ్మ మీటరు పొడవుకు 30 కిలోలు, 30 సెంటీమీటర్లది 70 కిలోలు, 40 సెంటీమీటర్లది 125 కిలోలు. మందం రెట్టింపయితే బరువు నాలుగింతలు. నాలుగు మీటర్ల పొడవున్న 30 సెంటీమీటర్ల చింతకొమ్మ రెమ్మలూ ఆకులూ కలపకుండానే 280 కిలోల దాకా ఉంటుంది. అది ఐదు మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలను తాకే వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటుతుంది. నెత్తిన హెల్మెట్ ఉన్నా లేకపోయినా దాని కింద ఉన్న మనిషి బతకడు. హెల్మెట్ పుల్లల నుంచి, ఎండు రెమ్మల నుంచి కాపాడుతుందే తప్ప కొమ్మ నుంచి కాదు.

తాడు విప్పకముందే పైకి చూడాలి. కొమ్మ ఆనుకునో, దాని పక్కనుంచో కరెంటు తీగ పోతుంటే ఆ పని వించ్‌ది కాదు. 11 కేవీ లైను మాత్రమే కాదు, ఇంటికి వచ్చే సర్వీసు తీగ కూడా చంపుతుంది. ఇనుప తాడు మంచి వాహకం. వానకు తడిసిన పచ్చి కొమ్మ కూడా కరెంటును మోస్తుంది. వించ్ పిడి పట్టుకున్న మనిషి ఆ దారికి చివరి కొసన, నేల మీద నిలబడి ఉంటాడు. 1912కు ఫోన్ చేసి విద్యుత్ సిబ్బందిని పిలిపించాలి. వాళ్లు వచ్చి లైను ఆపి, తీగలో కరెంటు లేదని తేల్చి చెప్పేదాకా చెట్టు దగ్గరికి ఎవరినీ రానివ్వకూడదు. ఊళ్లో కరెంటు పోయింది కదా అని తీగ మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఏ క్షణాన తిరిగి వస్తుందో చెట్టు కింద ఉన్నవాళ్లకు తెలియదు. తప్పుగా కలిపిన జనరేటరు నుంచి వెనక్కి కూడా కరెంటు పారుతుంది.

తరవాతి ప్రశ్న వించ్‌ను దేనికి కట్టాలన్నది. లాగే బలం ఎంతో ఆధారం మీద పడే బలమూ అంతే. తాడు వంపు తిప్పడానికి కప్పీ పెడితే ఆ కప్పీని కట్టిన ఆధారం మీద ఇంకా ఎక్కువ పడుతుంది. తాడు లంబంగా మలుపు తిరిగినచోట 500 కిలోల లాగుడు 700 కిలోలవుతుంది. పూర్తిగా వెనక్కి తిరిగిపోయేచోట 1,000 కిలోలు. చాలామంది వించ్‌ను గట్టి చెట్టుకు కట్టి, మలుపు కప్పీని చేతికందిన గుంజకు తగిలిస్తారు. ముందు ఊడేది ఆ గుంజే.

బెల్లంకొండ నేలల్లో ఆధారం విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. మిర్చి, పత్తి పండే నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి రాయిలా ఉంటుంది. తడిస్తే ఉబ్బి మెత్తబడి పాతిన గునపాన్ని వెన్నలోంచి కత్తి జారినట్టు వదిలేస్తుంది. కొమ్మలు విరిగేది వానలోనే కాబట్టి గునపాలు, గుంజలు పాతి వాటికి వించ్ కట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు. కొండవాలులో మట్టి లోతు తక్కువ, కింద బండ. అక్కడా పాతిన మేకు నిలవదు. బెల్లంకొండ మీద పాత దుర్గం ఉంది, శ్రీకృష్ణదేవరాయలు తూర్పు దండయాత్రలో గజపతుల నుంచి గెలుచుకున్న కోటల్లో ఒకటి. అలాంటి కోటగోడ రాళ్లు గానీ, గుడి ముందరి రాతి స్తంభాలు గానీ ఎంత భారీగా కనబడినా ఆధారాలు కావు. రాతి కట్టడం పైనుంచి వచ్చే బరువును మోస్తుంది, పక్కకు లాగితే కదులుతుంది. కదిలితే పనీ చెడుతుంది, మళ్లీ తిరిగిరాని చరిత్రా చెడుతుంది. కరెంటు స్తంభానికి కట్టడం మాట ఎత్తనే కూడదు.

మంచి ఆధారం బతికున్న, గట్టిగా వేరూనిన చెట్టు మొదలు. నేలకు ఎంత దగ్గరగా కడితే అంత మంచిది. పైన కడితే చెట్టు మొత్తం మీటకర్రలా పనిచేసి వేళ్లను పెకలిస్తుంది. ఇనుప తాడును నేరుగా మొదలుకు చుట్టితే బెరడు కోసుకుపోతుంది. నాలుగు వేళ్ల వెడల్పున్న నైలాన్ బెల్టు చుట్టి, దానికి డీ షకిల్ (డీ ఆకారపు ఇనుప కడియం) తగిలించి, షకిల్‌కు వించ్ కొక్కెం వేయాలి. చెట్టు దొరకకపోతే ట్రాక్టరు. రెండు టన్నుల ట్రాక్టరు ఉంది కదా అని రెండు టన్నుల లాగుడుకు అది ఆగదు. తడిసిన రేగడిలో టైర్లు సగం బరువుకే జారతాయి. బ్రేకు బిగించి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఇంజను ఆపి ఉంచాలి. ఆ ట్రాక్టరుతోనే కొమ్మను లాగేయడం పల్లెల్లో మామూలుగా జరిగే పని, ప్రమాదకరమైన పని కూడా. ట్రాక్టరు కుదుపుతో లాగుతుంది. కుదుపులో తాడు మీద పడే బలం ఎంతో ఎవరికీ తెలియదు. వించ్ ఒక్కో ఊపుకు ఒకటి రెండు సెంటీమీటర్లే లాగుతుంది. ఆ నిదానంలోనే దాని విలువ ఉంది. ప్రతి ఊపుకూ ఆగి చూసే వీలుంటుంది.

బెల్టు, షకిల్, కప్పీ, తాడు, కొక్కెం అన్నీ ఒక గొలుసులో కడియాలు. వీటిలో అన్నిటికంటే బలహీనమైనదెంతో మొత్తం బలం అంతే. ప్రతిదాని మీద అది సురక్షితంగా మోయగల బరువు, ఎస్‌డబ్ల్యూఎల్ లేదా డబ్ల్యూఎల్‌ఎల్ అని చెక్కిన అంకె ఉండాలి. అంకె లేని షకిల్‌ను నమ్మి టన్ను బలం పెట్టకూడదు. ఇనుప తాడును 1834లో జర్మనీ గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ తయారుచేసింది గొలుసు మీద నమ్మకం పోయే. గొలుసులో ఒక్క కడియం తెగితే మొత్తం పోతుంది. తాడులో ఒక తీగ తెగినా మిగిలినవి మోస్తూ తెగిన కొసతో హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరికను చూడాలి. తోలు చేతితొడుగు వేసుకుని, గుడ్డతో తాడు పట్టి కొస నుంచి కొస దాకా తుడిస్తే తెగిన తీగలు గుడ్డకు తగులుకుంటాయి. తాడు కొసను మడిచి క్లాంపులు బిగించేటప్పుడు మూడు క్లాంపులకు తగ్గకూడదు. గాడి ఉన్న ముక్క బరువు మోసే తాడు మీద, యూ బోల్టు మడిచిన కొస మీద ఉండాలి. తలకిందులు చేస్తే బోల్టే తాడును నలిపేస్తుంది.

నైలాన్ తాడు తేలికగా ఉంటుందని దాన్ని వాడాలనిపిస్తుంది. పది మీటర్ల ఇనుప తాడు టన్ను లాగుడుకు కొద్ది సెంటీమీటర్లే సాగుతుంది. అంతే పొడవున్న నైలాన్ తాడు పదో వంతు సాగిందనుకున్నా అది ఒక మీటరు. సాగినదాంట్లో శక్తి దాగుతుంది. తెగితే అదంతా ఒక్క క్షణంలో బయటపడుతుంది. ఇనుప తాడు తెగినా కొరడాలా కొడుతుంది, నైలాన్ తాడు తెగితే దాని కొసన ఉన్న షకిల్ తూటాలా వస్తుంది. ఏ తాడయినా నడిమధ్యలో తడిపిన గోనెసంచి మడిచి వేస్తే, తెగినప్పుడు ఆ బరువు తాడును నేలకు అణచిపెడుతుంది.

చిక్కుకున్న కొమ్మకు తాడు వేయడానికి చెట్టెక్కకూడదు. సన్నటి తాడు కొసకు చిన్న బరువు కట్టి, పక్కనుంచి కొమ్మ మీదుగా విసిరి, దానితో బెల్టును పైకి లాగి బిగించాలి. దోటితో కూడా ఈ పని అవుతుంది. వించ్ దూరం కొమ్మ ఎత్తుకు కనీసం రెండింతలుండాలి. ఆరు మీటర్ల ఎత్తున ఉన్న కొమ్మకు పన్నెండు మీటర్లు. దగ్గరగా పెడితే తాడు కిందికే లాగి కొమ్మను పంగలోకి ఇంకా బిగిస్తుంది. దూరం పెరిగేకొద్దీ లాగుడు పక్కకు తిరిగి కొమ్మ పంగలోంచి జారి బయటపడుతుంది. కొమ్మ వచ్చి పడే దారిలో వించ్ ఉండకూడదనుకుంటే మలుపు కప్పీ వాడాలి. అప్పుడు తాడు కోణంగా వంగుతుంది. ఆ వంపు లోపలివైపు ఎవరూ నిలబడకూడదు. కప్పీ ఊడితే తాడు ఆ వైపునే దూసుకొస్తుంది.

పిడి ఒక్కరే తిప్పాలి, మాట ఒక్కరే చెప్పాలి. "ఆపు" అన్న మాట మాత్రం ఎవరు అన్నా ఆగిపోవాలి. తిప్పే మనిషి తాడు వరసలో కాక కొంచెం పక్కకు, ముఖం పిడి తిరిగే దారిలో లేకుండా నిలబడాలి. లుంగీ, మెడలో తువ్వాలు ఉండకూడదు. మొదట తాడు బిగిసేదాకా లాగి, ఆగి, ముడులన్నీ దూరం నుంచే చూసుకోవాలి. తరవాత ఐదారు ఊపులు, మళ్లీ చూపు. ఒక్క మనిషి బలానికి కొమ్మ కదలకపోతే ఇంకొకరు చేయి వేయడం కాదు, ఆగి అది ఎక్కడ పట్టుకుందో వెతకాలి. పిడికి పైపు తొడగడం అన్నింటికంటే పెద్ద తప్పు. తయారుచేసినవాళ్లు పిడి పొడవును ఒక హద్దుగానే పెట్టారు. టిర్ఫోర్‌లో బరువు మించితే తెగిపోవడానికే ఒక పిన్ను పెడతారు. అది తెగితే యంత్రం పాడైనట్టు కాదు, తన పని చేసినట్టు. దాని చోట మేకు ముక్క దూర్చితే తరవాత తెగేది తాడే. బిగిసి ఉన్న వించ్ నాలుకను సుత్తితో కొట్టి విడిపించడమూ అంతే, పిడి గిర్రున తిరిగి ఎముక విరగ్గొడుతుంది.

సగం విరిగి పీలికతో వేలాడే కొమ్మను కోయకుండా లాగితే మొదలు దాకా బెరడు చీరుకుపోతుంది. పొడవాటి కర్రకు కట్టిన రంపంతో పక్కన నిలబడి ఆ పీలికను ముందు కోయాలి. నేల మీద పడ్డ కొమ్మ కూడా శాంతించినట్టు కాదు. రెండు కొసలూ ఆని మధ్యలో ఎత్తుగా ఉన్నదాని పైభాగం నొక్కుకుని, కిందిభాగం సాగి ఉంటుంది. నొక్కుకున్న వైపు మూడో వంతు కోసి, తరవాత సాగిన వైపు కోయాలి. ఒక కొస గాల్లో వేలాడుతుంటే వరస తారుమారవుతుంది, పైభాగమే సాగి ఉంటుంది. ముందుగా సాగిన వైపు కోస్తే కొమ్మ విల్లులా విచ్చుకుని కోసేవాడినే కొడుతుంది.

కొమ్మ పడగానే మేకలకు ఆకు కోసమనీ, పొయ్యిలోకి పుల్లలకనీ జనం చుట్టుముడతారు. పల్లెల్లో ఈ ఒక్క నిమిషమే భయపెట్టేది. తాడు ఇంకా బిగిసే ఉంటుంది, పైన మరో విరిగిన రెమ్మ మిగిలి ఉండవచ్చు. తాడు పూర్తిగా వదులు చేసి, పైకి మరోసారి చూసి, మాట చెప్పే మనిషి సరేననేదాకా పిల్లలతో సహా అందరూ దూరంగానే ఉండాలి. దెబ్బ తగిలితే 108.

మొదలు దగ్గర మిగిలిన మోడును మాను ఒళ్లుకు సమంగా చెక్కేయకూడదు. కొమ్మ పుట్టినచోట ఉబ్బుగా ఉండే కంఠాన్ని వదిలి కోస్తే ఆ కంఠం నుంచే కొత్త బెరడు పుట్టి గాయాన్ని ఏళ్ల తరబడి మెల్లగా కప్పుతుంది. అమెరికా వృక్షశాస్త్రవేత్త అలెక్స్ షిగో వేల చెట్లను నిలువునా చీల్చి చూసి చెప్పిన సంగతి ఇది. తారు, రంగు పూయనక్కర్లేదు. ఇక చెట్టు మొత్తాన్ని కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

పని ముగిశాక తాడును నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పలచగా నూనె రాసి డ్రమ్ముకు వరసగా చుట్టాలి. మెలిక పడి గట్టిగా లాగిన ఇనుప తాడు సుత్తితో సాపు చేస్తే చూడ్డానికి తిన్నగా అవుతుంది గానీ పాత బలం మళ్లీ రాదు. అలాంటిదాన్ని ఇంకొకరు ఏరుకుని వాడకుండా మీటరు ముక్కలుగా కోసి పాత ఇనుముకు వేసేయాలి.